నలభై వేల కృతజ్ఞత

ఫిర్యాదు చెయ్యడంలో నాకు పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞ ఉంది. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, పెళ్ళిలో ముప్ఫై రకాలు వడ్డించినా ముప్ఫై ఒకటోది ఎందుకు లేదో విస్తరి ముందు కూర్చునే చెప్పగలను. గోదావరికి నీళ్ళు ఎక్కువొస్తే వరదంటాను, తగ్గితే ఇసుక మేటలంటాను, సమంగా పారుతుంటే ఒడ్డున దోమలంటాను. ఇలాంటివాణ్ణి నేనొక్కణ్ణే అని బుకాయించకండి. మీ ఇంట్లోనూ ఒకరుంటారు. ఎంత వెతికినా కనబడకపోతే ఆ ఒకరు మీరే.

ఈ సహజ ప్రతిభకి తోడు ఆ మధ్య నాకు ప్రమోషన్ తప్పిపోయింది. ఫైలు ఎలా పెట్టాలో నేను నేర్పిన కుర్రాడు సూపరింటెండెంటై నా ఎదురుగా గాజు తలుపు వెనక కూర్చున్నాడు. ఇది అన్యాయం అని ఆఫీసంతా వినబడేలా అన్నాను. ఆ కుర్రాడు ఎకౌంట్స్ టెస్టు రాసి పాసయ్యాడనీ, నేను మాత్రం ప్రతిసారీ ఫీజు కట్టి, పుస్తకాలు కొని, సరిగ్గా పరీక్ష రోజున కడుపునొప్పి తెచ్చుకున్నాననీ ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పేవాణ్ణే. పాపం ఎవరూ అడగలేదు.

అక్కణ్ణించి ఇంట్లో నా మొహం మామూలుగా లేదు. పొద్దున్నే పేపరు చదివి దేశాన్ని తిట్టి, కాఫీ తాగి కాఫీపొడిని తిట్టి, స్కూటరెక్కి రోడ్డుని తిట్టేవాణ్ణి. ఆదివారం తిట్టడానికేమీ దొరక్కపోతే రేపు సోమవారమని తిట్టేవాణ్ణి. మా ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఓ రోజు ఇక ఓపిక చచ్చి, "ఏవండీ, కాస్త వంటింటి గుమ్మంలోకి రాకండి. మీ మొహం చూసి పాలు విరిగిపోతున్నాయి" అంది.

ఈ వార్త హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి చేరింది. నాలుగు రోజుల్లో ఓ డైరీ పోస్టులో వచ్చింది. అట్ట మీద పొద్దుతిరుగుడు పువ్వు, లోపల పేజీకి మూడు గీతలు. "నాన్నా, రోజూ పడుకునేముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయి. ఎందుకు జరిగాయో కూడా రాయి. నెగెటివ్ మూడ్ తగ్గుతుంది. ఇది నేను చెప్తున్నది కాదు, సైన్సు" అంది. సైన్సంటే నాకు గౌరవం. అర్థం కానివన్నీ నేను గౌరవిస్తాను.

అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఓ పరిశోధన అచ్చువేశారట. విద్యార్థుల్ని మూడు జట్లు చేసి, పది వారాలపాటు వారానికోసారి, ఒక జట్టు చేత ఎవరికైనా దేనికైనా కృతజ్ఞత అనిపించిన సంగతులు రాయించారు. రెండో జట్టు చేత విసుగు పుట్టించినవి రాయించారు. మూడో జట్టు చేత మంచీ చెడూ అనకుండా జరిగినవేవో రాయించారు. మొదటి జట్టువాళ్ళకి బతుకు మీద కాస్త నమ్మకం పెరిగింది, ఒంట్లో నలతలు తక్కువని చెప్పారు, వ్యాయామం కూడా రెండో జట్టు కంటే ఎక్కువ చేశారు. ఇదంతా అమ్మాయి ఎంతో ఉత్సాహంగా చెబుతుంటే నా మనసు మాత్రం రెండో జట్టు మీదికి పోయింది. పది వారాలపాటు, నాయనా నీ విసుగులన్నీ రాసివ్వమని బతిమాలే ప్రొఫెసర్లు దొరకాలంటే ఎంత పెట్టిపుట్టాలి!

అసలు తిట్టడాన్ని మరీ అంత చిన్నచూపు చూడకూడదని నా వాదన. మన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడి, ఏ నగ ఎవరికి చేయించాడో ఏకరువు పెట్టి రాముణ్ణే నిలదీశాడు. దాన్ని ఈనాటికీ భక్తి కిందే పాడుకుంటున్నాం. కాసుల పురుషోత్తమ కవి కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువుని శతకం పొడుగునా ఎత్తిపొడిస్తే, నిందాస్తుతి అని ముచ్చటపడి మెచ్చుకున్నాం. రామదాసు సర్కారు ఉద్యోగే, నేనూ సర్కారు ఉద్యోగినే. ఆయన నిందిస్తే భక్తీ, నేను నిందిస్తే నెగెటివ్ మూడూనా? ఇదే అమ్మాయికి ఫోన్లో గట్టిగా వినిపించాను.

"రామదాసు గుడి కట్టించాక తిట్టాడు నాన్నా. నువ్వేం కట్టించావు?" అంది.

బదులు దొరక్క డైరీ తెరిచాను.

మొదటి రాత్రి పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక్కటీ తట్టలేదు. చాలాసేపు పెన్ను కొస కొరికి, "ఈరోజు కరెంటు పోలేదు" అని రాశాను. ఎందుకు? "నిన్ననే నాలుగుసార్లు పోయింది కాబట్టి." రెండోది, "పక్కింటాయన షుగరు రెండొందల ఎనభై అట. నాది నూట అరవయ్యే." మూడోది కాస్త చూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాను: "చిన్నబావ కొత్త కారుకి గీత పడింది." డైరీ మూసి గుండెల మీద పెట్టుకుని, మీ దగ్గర దాపరికమెందుకు, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఆ పేజీలు ఇప్పుడు తిరగేస్తుంటే తల కొట్టేసినట్టుంది. అందులో నాకు జరిగిన మంచి తక్కువ, పక్కవాడికి జరిగిన చెడ్డ ఎక్కువ. ఎవరి ఏసీ పాడైంది, ఎవరి అబ్బాయికి వీసా రాలేదు, ఎవరి బోరులో నీళ్ళు పడలేదు, అన్నీ తారీఖులతో సహా ఉన్నాయి. మీరలా ఎప్పుడూ అనుకోలేదంటారా? వాకింగులో ఎదురైన పెద్దమనిషి మోకాలికి ఆపరేషనంటున్నారండీ అనగానే, "అయ్యయ్యో" అంటూ మీ మోకాలు ఓసారి తడిమి చూసుకోలేదూ? మరి! మీకు డైరీ లేదు కాబట్టి దొరకలేదు. నాకుంది కాబట్టి దొరికాను.

ఒక్కసారి మాత్రం ఆ "ఎందుకు" నన్ను ఇరకాటంలో పెట్టింది. ఈదురుగాలికి మా వీధి చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. రాత్రి పదకొండింటికి పోయిన కరెంటు ఒంటిగంటకల్లా వచ్చేసింది. "కరెంటు త్వరగా వచ్చింది" అని రాసి, ఎందుకు అన్న దగ్గర ఆగిపోయాను. కిటికీలోంచి చూశాను కదా. వానలో ఒకతను టార్చిలైటు నోట కరుచుకుని స్తంభం ఎక్కాడు. కింద ఇంకొకతను నిచ్చెన అదిమి పట్టుకుని, "అన్నా, ఎడమపక్క చూసుకో, ఎడమపక్క" అని అరుస్తున్నాడు. పైనున్నతని చొక్కా భుజం దగ్గర చిరిగి, గాలికి ఎగురుతోంది. ఇంతకీ ఆ సమయంలో నేనేం చేశాను? కిటికీ ఊచలు పట్టుకుని, "ఇంకా ఎంతసేపయ్యా!" అని కేకేశాను. అతను టార్చి నోట్లో ఉండబట్టి నాకు సమాధానం చెప్పలేదు. అదంతా రాయడానికి గీత చాలలేదు, పక్క పేజీలోకి పోయింది. ఆ రాత్రి చిన్నబావ కారు గుర్తు రాలేదు.

మర్నాడు లేచేసరికి, నేను మంచివాణ్ణి అయిపోతున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానమే కొంప ముంచింది.

రోజుకోసారి రాస్తేనే ఇంత గుణం కనబడితే మూడుపూటలా రాస్తే ఏమైపోతానో అనుకున్నాను. దగ్గుమందు సీసా ఎత్తి గడగడా తాగేస్తే దగ్గు ఆ పూటకే పోతుందనుకునే వంశం మాది. పొద్దున్న మూడు, మధ్యాహ్నం మూడు, రాత్రి మూడు మొదలెట్టాను. అన్నేసి మంచి విషయాలు రాజమండ్రిలో ఎక్కడ జరుగుతాయండీ? "ఊపిరి ఆడుతోంది" అని పొద్దున్న రాసి, మధ్యాహ్నానికి "ఇంకా ఆడుతోంది" అని రాశాను. సోన్యా ల్యుబొమిర్‌స్కీ అనే కాలిఫోర్నియా ప్రొఫెసరమ్మ ఆరు వారాలు పరీక్షించి చూస్తే, వారానికోసారి రాసినవాళ్ళకి సంతోషం పెరిగింది గానీ వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకి పెరగలేదని తేలిందట. అమ్మాయి ఈ ముక్క అంతా అయిపోయాక తాపీగా చెప్పింది. ముందే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు రోజుకి తొమ్మిది రాస్తావని నేను కలగన్నానా?" అంది.

పైగా మంచితనం వచ్చినవాడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! మా వైపు చుట్టాలకి ఓ వాట్సాప్ గ్రూపుంది. అందులో పొద్దున్నే అయిదున్నరకి సూర్యోదయం బొమ్మ పెట్టి, కింద "నేటి కృతజ్ఞత" అని శీర్షిక పెట్టి రాయడం మొదలెట్టాను. లైన్‌మన్ సంగతి పెట్టిన రోజున గ్రూపంతా చేతులు జోడించింది. ఒళ్ళు పులకరించింది. ఎన్ని జతల చేతులో లెక్కపెట్టాను. మర్నాడు రెండు జతలు తగ్గాయి. ఆ ఇద్దరూ ఎవరా అని ఆఫీసులో బిల్లులు పక్కన పెట్టి మరీ వెతికాను. చిన్నబావ మొదటినుంచీ జోడించలేదు. చదివినట్టు గుర్తు పడుతోంది, చేతులు మాత్రం లేవడం లేదు. నేనిక్కడ ఇంత కృతజ్ఞత ఒలకబోస్తుంటే కదలని ఈ కృతఘ్నుణ్ణి ఏమనాలని రోజంతా కుతకుత ఉడికిపోయాను. అంటే, ఉన్న నెగెటివ్ మూడ్ వదిలించుకోబోయి ఇంకో కొత్త నెగెటివ్ మూడ్ తగిలించుకున్నానన్నమాట. దానికి మళ్ళీ పొద్దున్నే అయిదింటికి అలారం.

ఇంతలో ఇంట్లో దొరికిపోయాను. మా ఆవిడ దగ్గర వృథా అనేది ఉండదు. డైరీ వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయని అందులో పాల పద్దు రాసుకుంటోందట. నాకు తెలియదు. ఓ ఆదివారం పాలబ్బాయి లెక్కకి వస్తే, పేజీలు వెనకనుంచి తిప్పుతూ తిప్పుతూ ముందుకి వచ్చేసింది. అబ్బాయికి డబ్బులిచ్చి పంపించేసి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని తీరిగ్గా చదివింది.

"పక్కింటాయన షుగరుంది. లైన్‌మనున్నాడు. చిన్నన్నయ్యగారి కారుంది. మీ స్కూటరుంది. ఆఖరికి ఈ వీధిలోకి పందులు రాలేదని కూడా ఉంది. ఇందులో నేనెక్కడున్నానండీ?"

"నువ్వు రోజూ ఉండేదానివేగా, రాసేదేముంది?" అన్నాను.

ఈ మాట ఆలోచించి అన్నది కాదు. అయితే ఆలోచించినా ఇదే అనేవాణ్ణేమోనని ఇప్పుడు భయమేస్తోంది. జీతం పెరిగినా, కొత్త ఇల్లు కట్టినా, కొన్నాళ్ళకి మనిషి వాటికి అలవాటుపడిపోయి మళ్ళీ పాత మూడ్‌లోకే వచ్చేస్తాడని మనస్తత్వశాస్త్రం చెబుతుంది. పెళ్ళాం దగ్గర ఆ శాస్త్రం పనికిరాదు. మర్నాడు పొద్దున్న పేపరు చదివాను, దేశాన్ని తిట్టాను, కాఫీపొడిని తిడదామని చూస్తే కాఫీ లేదు. అడిగాను.

"రోజూ ఉండేదేగా, ఇచ్చేదేముంది?"

ఆ రాత్రి మూడు గీతల్లోనూ ఆవిడే. ఆ వారమంతా ఆవిడే. పెసరట్టు, అల్లప్పచ్చడి, నా చొక్కా బొత్తాం, ఏదీ వదల్లేదు. రోజూ పొద్దున్నే తీసి చూసేది. "పెసరట్లు బుధవారం వేశానండీ, గురువారం కాదు. రాసేదేదో సరిగ్గా ఏడవండి" అని పెన్సిలుతో దిద్ది పక్కన టిక్కు పెట్టేది. కాఫీ తిరిగి వచ్చింది గానీ పంచదార ఇంకా రాలేదు.

అప్పుడు మా అమ్మాయి రెండో వైద్యం చెప్పింది. ఈ మూడు మంచి విషయాల పద్ధతిని 2005లో పరీక్షించిన మార్టిన్ సెలిగ్‌మన్ బృందమే ఇంకో పద్ధతి కూడా పరీక్షించిందట. మనకి మేలు చేసి, మనం సరిగ్గా థాంక్స్ చెప్పని మనిషికి ఓ మూడొందల మాటల ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి, ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. అలా చేసినవాళ్ళకి దిగులు తగ్గి, ఆ సంతోషం నెలపాటు నిలిచిందట.

ఎవరికి రాయాలా అని ఆలోచిస్తే మొట్టమొదట నాకు తట్టిన పేరు సర్ ఆర్థర్ కాటన్. నవ్వకండి. మా గోదావరి జిల్లాలవాళ్ళకి కృతజ్ఞత కొత్తేమీ కాదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, కరువుకీ వరదకీ మధ్య అల్లాడే డెల్టాని అన్నం గిన్నె చేసిన దొర విగ్రహం మా ఊళ్ళలో ఎన్ని కూడళ్ళలో ఉందో చూడండి, దండలతో సహా. నేను తినే అన్నం ఆయన చలవే కదా అని ఉత్తరం రాసుకుని, ధవళేశ్వరం వెళ్ళి, విగ్రహం ముందు నిలబడి చదివాను. ఎంత హాయిగా జరిగిపోయిందో చెప్పలేను. ఫొటో తీయించుకుని గ్రూపులో పెట్టాను. అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, 1899లో పోయినాయనకి కాదు. బతికున్నవాళ్ళకి చెప్పాలి."

అక్కడే ఉంది అసలు చిక్కు. పోయిన దొరకి థాంక్స్ చెప్పడంలో ఉన్న సుఖం ఏమిటంటే, ఆయన విని ఊరుకుంటాడు. అది సరే, నా సంగతేం చేశావని అడగడు.

బతికున్నవాళ్ళలో వెతగ్గా వెతగ్గా మా పెద్దబావగారు తేలారు. 1997లో నేను రాజమండ్రిలో స్థలం కొంటున్నప్పుడు రేపు రిజిస్ట్రేషననగా నలభై వేలు తక్కువపడ్డాయి. ఎవర్నడిగినా చేతులెత్తేశారు. సాయంత్రానికి బావగారు తణుకునుంచి స్కూటర్ మీద వచ్చి, పేపర్లో చుట్టిన నోట్లకట్ట నా చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ డబ్బు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎంత ఔదార్యం! అడిగితే ఇచ్చేసేవాణ్ణి. అడగలేదు కాబట్టి మహానుభావుడని ఉత్తరం రాశాను.

ఆ ఉత్తరం కోసం నేను పడ్డ కష్టం ఎకౌంట్స్ టెస్టు కోసం పడి ఉంటే ఈపాటికి రెండు ప్రమోషన్లు వచ్చుండేవి. మూడొందల మాటల్లో రెండొందలు నా గురించే వచ్చాయి: నా నిరాశ, నా కన్నీళ్ళు, రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద నా ఏకాంతం. మిగిలిన వందలో బావగారు, స్కూటరు, నోట్లకట్ట సర్దుకున్నారు. సెలిగ్‌మన్ చెప్పింది ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా కూర్చుని చేసే పని. నాకేమో సరిగ్గా ఆ నెలలోనే బావగారి షష్టిపూర్తి శుభలేఖ వచ్చింది. ఇద్దరి మధ్య చదివే ఉత్తరానికి నాలుగొందలమంది దొరుకుతుంటే వదులుకునే వెర్రివాణ్ణి కాను, దానికి మించిన వెర్రివాణ్ణి.

తణుకులో ఫంక్షన్ హాలు. పీటల మీద బావగారు పట్టుపంచెతో, పక్కన అక్క కొత్త పట్టుచీరతో, బుగ్గన చుక్కతో, మళ్ళీ పెళ్ళికూతురై కూర్చుంది. సిద్ధాంతిగారు, "మాంగల్యధారణకి ఇంకో పది నిమిషాలుంది, ఈలోపు అక్షింతలు పంచండి" అని మైకు పక్కన పెట్టారు. అంతే. నేను లేచిందీ, మైకు అందుకుందీ, జేబులోంచి ఉత్తరం తీసిందీ, మా ఆవిడ వద్దు వద్దని రెండో వరసలోంచి చెయ్యూపిందీ, దాన్ని నేను భేష్ అనుకున్నదీ, గొంతు సవరించుకుని మొదలెట్టిందీ, నా నిరాశ దగ్గర ఇద్దరు ముసలమ్మలు కొంగుతో కళ్ళొత్తుకున్నదీ, అది చూసి నేను గొంతు ఇంకో మెట్టు పెంచిందీ, రిజిస్ట్రారాఫీసు మెట్లు దిగి స్కూటరు దగ్గరికి వచ్చిందీ, బావగారు పీటల మీద అటూ ఇటూ కదులుతూ కళ్ళతో ఏదో చెప్పబోయిందీ, దాన్ని నేను ఆనందబాష్పాలుగా లెక్కగట్టిందీ, "ఆ నలభై వేలు నా చేతిలో పెట్టి మా బావగారు ఏమన్నారో తెలుసా? 'మీ అక్కకి మాత్రం చెప్పకు' అన్నారు!" అని చప్పట్ల కోసం ఆగిందీ, అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు.

చప్పట్లు రాలేదు.

"ఏ నలభై వేలండీ?" అంది అక్క. మైకు నా చేతిలో ఉన్నా, అక్క గొంతుకి మైకు అవసరం లేదు. "తొంభై ఏడులో ధాన్యం డబ్బు మిల్లులో ఇరుక్కుందన్నారు. నా చంద్రహారం వచ్చే పంటకన్నారు. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆ వచ్చే పంట రానేలేదు!"

బావగారు నావైపు చూశారు. ఆ చూపు వర్ణించను. ఆయన ఇన్నేళ్ళూ ఆ డబ్బు మాట ఎందుకెత్తలేదో నాకప్పుడు బోధపడింది. అది ఔదార్యం కాదు, అక్క.

అప్పుడు లేచాడు చిన్నబావ. నా "నేటి కృతజ్ఞత"కి ఏనాడూ చేతులు జోడించనివాడు, ఇప్పుడు రెండు చేతులూ జోడించి మరీ లేచాడు. "ఏమోయ్, ఉత్తరం చాలా బాగుంది. డబ్బు తిరిగిచ్చిన పేరా వదిలేసినట్టున్నావు, అది కూడా చదువు."

ఇవ్వలేదని నేను నా నోటితో అనలేదు. నేను మింగిన గుటక మైకులో హాలంతా వినబడింది. రెండో వరసలో మా ఆవిడ లేచి నిలబడి ఉంది. స్థలం మొత్తం నా పొదుపుతో, అణా పైసలతో సహా నా కష్టార్జితంతో కొన్నానని పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్నగారికి చెప్పింది నేనే. ఆయన ఆ ఒక్క మాట మీద పిల్లనిచ్చారు.

"అమ్మా, ముహూర్తం దాటిపోతోంది" అన్నారు సిద్ధాంతిగారు.

"ఇరవయ్యెనిమిదేళ్ళు దాటిందండీ, పది నిమిషాల్లో ఇంకేం దాటుతుంది?" అని అక్క మెడ అటు తిప్పేసుకుంది. మాంగల్యం పట్టుకుని బావగారు అలాగే ఉండిపోయారు. చిన్నబావ ఈలోగా ఫోను తీసి లెక్క కట్టాడు. అప్పట్లో పది గ్రాముల బంగారం అయిదు వేల లోపు, అంటే నలభై వేలకి ఎనిమిది తులాల పైమాటే. ఇప్పుడు పది గ్రాములే లక్ష దాటింది. "వడ్డీ లెక్క వద్దులెండి వదినగారూ, బంగారం లెక్కే న్యాయం" అన్నాడు. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఆ న్యాయాన్ని ముక్తకంఠంతో ఆమోదించారు. చివరికి బావగారు అగ్నిసాక్షిగా చంద్రహారానికి ఒప్పుకున్నారు, నేను అగ్నిసాక్షిగా నెలనెలా వాయిదాలకి ఒప్పుకున్నాను, అక్క మెడ ఇటు తిప్పింది, బాజాలు మోగాయి. నా నెత్తిన పడ్డ అక్షింతలు ఎవరు ఎటు విసిరినవో తెలియదు గానీ, కొన్ని గట్టిగానే తగిలాయి.

భోజనాల్లో పూతరేకులు వేశారు, పనసపొట్టు కూర వేశారు, ఇంకా ఏమేం వేశారో. ఏది తక్కువైందో నాకు తెలియకుండా తిన్న మొదటి భోజనం అదే. చేతులు కడుక్కునే దగ్గర బావగారు పక్కన నిలబడి, పంపు ధారగా వదిలి, మెల్లగా అన్నారు: "ఒరే బావమరిదీ, ఆరోజు నీకో మేలు చేశాను కదా. ఇప్పుడు నువ్వు నాకొకటి చెయ్యి. ఇంకెప్పుడూ నాకు కృతజ్ఞత చెప్పకు."

తిరుగు రైల్లో మా ఆవిడ నిడదవోలు దాకా మాట్లాడలేదు. కొవ్వూరు దాటి వంతెన మీదికి రాగానే అందరూ గోదావరిలోకి రూపాయి బిళ్ళలు విసురుతుంటే నేనూ జేబులో చెయ్యి పెట్టాను. "ఉంచండి, వాయిదాలకి పనికొస్తాయి" అంది. కాసేపాగి, "మా నాన్నకి చెప్పిన అబద్ధానికి నాకూ ఓ చంద్రహారం బాకీ ఉన్నట్టు డైరీలో రాసుకోండి" అంది. ఆ రాత్రి రాశాను. ఆవిడ టిక్కు పెట్టింది.

ఇంతకీ నీ మూడ్ సంగతేమైందయ్యా అంటారు మీరు. ఏమో, దాని సంగతి చూసుకునే తీరిక లేదు. వాయిదాలు కట్టాలంటే జీతం పెరగాలి, జీతం పెరగాలంటే ప్రమోషన్ రావాలి, ప్రమోషన్ రావాలంటే ఎకౌంట్స్ టెస్టు పాసవ్వాలి. ఫీజు కట్టేశాను. సాయంత్రాలు ఆ గాజు తలుపు వెనక కుర్రాడి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని పాఠం చెప్పించుకుంటున్నాను. ఓపిగ్గానే చెబుతున్నాడు. గ్రూపులో సూర్యోదయాలు ఆపేశాను. ఎందుకాపావని చిన్నబావ ఒక్కడే అడిగాడు, చేతులు జోడించిన బొమ్మతో.

డైరీ మాత్రం మానలేదు, అక్క మాననివ్వడం లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "ఏరా, ఈ వారం ఏం రాశావు? మీ బావ నీకు చేసిన మేళ్ళు ఇంకేమైనా గుర్తొచ్చాయా? మెల్లగా గుర్తు తెచ్చుకో, తొందరేం లేదు" అంటుంది. అక్క పెట్టేసిన పావుగంటకి బావగారు ఇంటి బయటినుంచి చేస్తారు. మొన్నైతే ఎక్కడో లారీల మోత మధ్యనుంచి చేశారు. "ఒరే, 2004 సంగతి రాయలేదు కదా?"

రాయలేదన్నాను. రాయనని మాట కూడా ఇచ్చాను. అందుకు ఆయన రెండు వాయిదాలు మాఫీ చేశారు. 2007 సంగతి కూడా నాకు గుర్తుందని ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పాలి.